టైరు పేలితే బ్రేకెయ్యకూడదు

విమానం రన్‌వే మీద దూసుకుపోతోంది. ఇంకో రెండు మూడు సెకన్లలో గాల్లోకి లేస్తుందనగా ఢామ్మని ఓ టైరు పేలింది. పైలట్ ఏం చెయ్యాలి?

ఎవర్నడిగినా చెప్పే జవాబు ఒకటే. "బ్రేకెయ్యాలి, ఇంకేం చేస్తాడు?" కారో స్కూటరో నడిపే ఎవరికైనా తోచేది అదే. కానీ ఎయిర్‌లైన్ పైలట్లకి నేర్పేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ వేగంలో టైరు పేలితే ఆగకూడదు, ఎగిరిపోవాలి. పేలిన టైరుతోనే!

వినడానికి ఇది పిచ్చి మాటలా ఉంటుంది. దీని వెనకున్న లెక్క తెలిశాక మాత్రం, మన ఐటీ వాళ్ళం ఆ కాక్‌పిట్ నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉందని నాకు గట్టిగా అనిపించింది. ఆ గొడవే ఇది. ముందు విమానం సంగతి చూసి, తర్వాత మన సంగతికొద్దాం.

ప్రతి టేకాఫ్‌కీ ముందు పైలట్లు ఓ వేగం లెక్కగడతారు. దాని పేరు వీ1. విమానం బరువు, రన్‌వే పొడవు, ఆ రోజు ఎండ, గాలి, నేల తడిగా ఉందా పొడిగా ఉందా - ఇవన్నీ చూసి వేసే లెక్క. ఇవాళ 140 నాట్లు రావచ్చు, రేపు అదే విమానానికి 128 రావచ్చు. (నాట్లంటే మన వరినాట్లు కాదు లెండి. ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్ల వేగం.) వీ1 లోపైతే ఆపితే రన్‌వే మీదే ఆగుతుంది. వీ1 దాటాక ఆపడానికి చాలినంత రన్‌వే మిగిలి ఉంటుందన్న హామీ లేదు. అప్పుడు ఒక ఇంజన్ ఆగిపోయినా సరే, రెండోదాంతో ఎగరాల్సిందే. విమానాన్ని అలా ఎగరగలిగేట్టుగానే తయారు చేస్తారు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. వీ1 అంటే "ఆపాలా వద్దా" అని ఆలోచించడం మొదలుపెట్టే వేగం కాదు. ఆపేట్టయితే ఆ వేగం వచ్చేసరికే ఆపే పని మొదలైపోయి ఉండాలి. 140 నాట్లంటే గంటకి దాదాపు 260 కిలోమీటర్లు. అంటే సెకనుకి 72 మీటర్లు. రెండు సెకన్లు "ఏమిటా చప్పుడు?" అనుకునేసరికి 140 మీటర్ల పైచిలుకు రన్‌వే వెనక్కి పోయింది. పైగా ఆ రెండు సెకన్లలోనూ వేగం పెరుగుతూనే ఉంటుంది. వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలవుతుందని మనం ఇంటర్లో చదువుకున్నదే.

అందుకే టేకాఫ్ పరుగుని రెండు ముక్కలుగా చూస్తారు. వేగం 80 నాట్లు దాటేదాకా (కొన్ని చోట్ల 100) చిన్న తేడా కనిపించినా ఆపేస్తారు. అక్కడ ఆపడం తేలిక, నష్టం లేదు. అది దాటి వీ1 దాకా మాత్రం నాలుగైదు కారణాలకే ఆపాలి - ఇంజన్ పోవడం, మంటలు, అసలు విమానం ఎగరదన్న అనుమానం, ఇలాంటివి. వీ1 దగ్గర పడుతున్నప్పుడు పేలిన టైరు ఆ లిస్టులో ఉండదు. ఎయిర్‌బస్ వాళ్ళయితే వీ1కి 20 నాట్ల లోపున్నప్పుడు టైరు పేలితే, దాని ముక్కలు తగిలి ఇంజన్లు తడబడుతుంటే తప్ప, ఎగిరిపోవడమే మేలని స్పష్టంగా చెప్తారు.

ఎందుకలా? కారణాలు మూడు.

ఒకటి, వీ1 లెక్కలో టైర్లు, బ్రేకులు అన్నీ బాగున్నాయన్నది ముందే ఒప్పుకున్న మాట. టైరు పేలిందంటే ఆ చక్రం బ్రేకు వేసినా పెద్దగా పనిచెయ్యదు. ఎగిరిన రబ్బరు ముక్కలు బ్రేకులకెళ్ళే హైడ్రాలిక్ గొట్టాల్ని కోసేసి ఉండచ్చు. అంటే మీరు ఏ లెక్కని నమ్ముకుని ఆపుతున్నారో ఆ లెక్క అప్పటికే చెల్లదు.

రెండు, గాల్లో ఎగరడానికి టైర్లతో పనిలేదు. ఇంత చిన్న విషయం ఆ చప్పుడులో గుర్తు రావడమే కష్టం.

మూడు, ఎగిరాక మీకు టైము దొరుకుతుంది. నేల మీద మీ చేతిలో ఉన్నది పది సెకన్లు. గాల్లో గంటలు. ఇంధనం ఖర్చు చేసి బరువు తగ్గించుకోవచ్చు, పొడవైన రన్‌వే ఎంచుకోవచ్చు, ఫైరింజన్లని పక్కన నిలబెట్టించుకోవచ్చు. దిగేటప్పుడు రన్‌వే మొత్తం మీదే, మిగిలిన ముక్క కాదు.

ఇదంతా పుస్తకాల లెక్క కాదు. 1990ల మొదట్లో విమానాల కంపెనీలు, ఎయిర్‌లైన్లు, అమెరికా విమానయాన శాఖ కలిసి, 1959 నుంచి 1990 దాకా టేకాఫ్ ఆపబోయి రన్‌వే దాటిపోయిన 74 ఘటనల్ని తిరగేశారు. అందులో సగానికి పైగా వీ1 దాటాక ఆపబోయినవే. ఇంజన్ చెడి ఆపినవి నాలుగో వంతు. టైరో చక్రమో చెడి ఆపినవి కూడా దాదాపు అంతే! ఎగిరిపోయి ఉంటే వీటిలో చాలా విమానాలు క్షేమంగా తిరిగొచ్చి దిగేవి.

2008 సెప్టెంబరు 19 రాత్రి అమెరికాలోని కొలంబియాలో (సౌత్ కెరొలైనా) ఒక లియర్‌జెట్ 60కి ఇదే జరిగింది. వీ1 అని పిలిచిన సెకనున్నరకి టైర్లు పేలాయి. కో-పైలట్ పోనిద్దామనే అన్నాడు. కెప్టెన్ ఆపబోయింది. పేలిన టైర్ల ముక్కలు, విమానం నేల మీదుందని కంప్యూటర్‌కి చెప్పే సెన్సర్ల వ్యవస్థని పాడుచేశాయి. దాంతో విమానం తాను గాల్లో ఉన్నాననుకుంది. గాల్లో రివర్స్ థ్రస్ట్ పనిచెయ్యకూడదు కాబట్టి దాన్ని మూసేసింది. ఆపడానికి వాడుతున్న ఇంజన్ శక్తే విమానాన్ని ముందుకి తోసింది. రన్‌వే దాటి, రోడ్డు దాటి గట్టుకి గుద్దుకుని మంటలు. ఆరుగురిలో నలుగురు పోయారు.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు ఆ సెన్సర్ సంగతి ఇంకోసారి చదవండి. ఒక తప్పుడు ఇన్‌పుట్, దాన్ని గుడ్డిగా నమ్మే ఒక ఇఫ్ కండిషన్. అంతే.

తప్పంతా కెప్టెన్‌దేనా? విచారణ చేసిన ఎన్.టి.ఎస్.బి. అలా అనలేదు. 2010లో ఇచ్చిన రిపోర్టులో మొదటి కారణం టైర్లలో గాలి చూసుకోకపోవడం. ఆ రకం టైర్లలో రోజుకి సుమారు 2 శాతం గాలి తగ్గుతుంది. మూడు వారాలుగా ఎవరూ గేజి పెట్టి చూడలేదు. చూపుకి మాత్రం టైరు మామూలుగానే ఉంటుంది, పక్క టైరు బరువు మోస్తుంది కాబట్టి. వీ1 దాటాక ఆపడం కూడా కారణమే అన్నారు. కానీ దాంతోపాటు రివర్సర్ డిజైన్‌నీ, దాన్ని సరిగ్గా పరీక్షించకుండా ఒప్పుకున్న ప్రభుత్వ శాఖనీ, పైలట్లకి టైరు పేలుళ్ళ మీద చాలినంత శిక్షణ ఇవ్వని పద్ధతినీ తప్పుపట్టారు. సిమ్యులేటర్లో అస్తమానం ఇంజన్ ఆపేసి చూపిస్తే, టైరు పేలిన చప్పుడు, ఆ కుదుపు ఎలా ఉంటాయో వాళ్ళకెలా తెలుస్తుంది?

ఇంకో ఘటన చెప్తాను. ఇది మనవాళ్ళకి బాగా ఎక్కుతుంది. 1991 జులై 11, జెడ్డా. నైజీరియా హజ్ యాత్రికుల్ని వెనక్కి తీసుకెళ్తున్న డీసీ-8. కెనడాకి చెందిన నేషనెయిర్ వాళ్ళది. రెండు టైర్లలో గాలి తక్కువుందని మెకానిక్కులకి ముందే తెలుసు. నైట్రోజన్ కొట్టిద్దామని అడిగారు. అది అందుబాటులో లేదు. ఆలస్యమవుతుందని, విమానాన్ని అలాగే వదిలెయ్యమన్నాడు అక్కడి అధికారి. ఆయన హోదా ఏమిటో తెలుసా? ప్రాజెక్ట్ మేనేజర్! నేను కల్పించింది కాదండీ, నిజంగానే.

పరుగు మొదలైన కాసేపటికే ఒక టైరు పోయింది, వెంటనే దాని పక్కది. వేగం తక్కువగా ఉన్నప్పుడే చప్పుడొచ్చింది, టైరేమోనన్న అనుమానమూ కాక్‌పిట్‌లో వచ్చింది. అప్పటికి ఆపడానికి వీలుంది. కానీ టైర్లలో గాలి తక్కువుందన్న సంగతి పైలట్లకి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు పోనిచ్చారు. తిరగడం మానేసిన చక్రం రన్‌వేకి రాసుకుని అంటుకుంది. ఎగిరాక మామూలుగానే చక్రాలు లోపలికి మడిచారు. అంటే మండుతున్న రబ్బర్ని తీసుకెళ్ళి కడుపులో పెట్టుకున్నారన్నమాట. వెనక్కి తిరిగొస్తూ రన్‌వేకి కాస్త దూరంలో కూలిపోయింది. 261 మంది. ఒక్కరూ మిగల్లేదు.

అందుకే టైరు పేలిందని అనుమానం వస్తే చక్రాలు వెంటనే మడవకూడదని పైలట్లకి చెప్తారు. కిందే వదిలి గాలికి చల్లబడనివ్వాలి.

ఇక్కడ మీకో సందేహం రావాలి. "ఆపకుండా ఎగిరిపోయిన కాంకోర్డ్ సంగతేంటి మరి?" అని. న్యాయమైన ప్రశ్నే. 2000 జులై 25న పారిస్‌లో, ముందు వెళ్ళిన వేరే విమానం నుంచి ఊడిపడ్డ లోహపు పట్టీ మీదకి కాంకోర్డ్ టైరు ఎక్కి పేలింది. నాలుగున్నర కిలోల రబ్బరు ముక్క రెక్క కింద తగిలి ఇంధనం ట్యాంకు పగిలింది. మంటలు. విమానంలో 109 మంది, నేల మీద నలుగురు చనిపోయారు. అప్పటికే వీ1 దాటిపోయింది. ఆపినా మంచి వేగంతో రన్‌వే బయటికి పోయేదని ఫ్రెంచి విచారణ తేల్చింది. అంటే ఆ క్షణంలో పైలట్ల దగ్గర మంచి దారంటూ ఏదీ లేదు. మంచి దారి ఉన్నది ఇరవై ఏళ్ళ ముందు. 1979లోనే వాషింగ్టన్‌లో కాంకోర్డ్ టైర్లు పేలి ట్యాంకులకి చిల్లులు పడ్డాయి. ట్యాంకుల్లో కెవ్లార్ పొర, గట్టి కొత్త టైర్లు మాత్రం 113 మంది పోయాక వచ్చాయి.

కాబట్టి నియమం ఎప్పుడూ కాపాడుతుందని నేననను. కానీ నియమం లేకుండా అప్పటికప్పుడు తోచింది చేసేకన్నా ఎక్కువసార్లు కాపాడుతుంది. రెండిటికీ చాలా తేడా ఉంది.

అసలు నాకు నచ్చింది ఆ నియమం కన్నా, దాన్ని మనిషి చేత పాటింపజెయ్యడానికి వాళ్ళు పెట్టుకున్న ఏర్పాట్లు. మనిషి భయపడతాడు, కంగారుపడతాడు, అలవాటుకొద్దీ బ్రేకు వైపు కాలు పోతుంది. "ధైర్యంగా ఉండు" అని చెప్పి ఊరుకోరు.

టేకాఫ్ పరుగులో ఇంజన్ లీవర్ల మీద చెయ్యి కెప్టెన్‌ది. వీ1 అని పిలుపు వినపడగానే ఆ చెయ్యి తీసేస్తారు. ఇంక ఆపడమనే ఆలోచన చేతికి అందకూడదన్నమాట. ఎంత చిన్న ఉపాయమో చూడండి.

ఎయిర్‌బస్‌లో 80 నాట్లు దాటినప్పటి నుంచి 1500 అడుగుల ఎత్తు దాకా, అంత ముఖ్యం కాని హెచ్చరికల్ని కంప్యూటర్ తొక్కిపట్టి ఉంచుతుంది. లోపం ఉందని తెలిసినా చెప్పదు. ఎందుకంటే ఆ టైములో చెప్పినా చెయ్యగలిగేదేం లేదు, మనసు చెదరడం తప్ప. రాత్రి మూడింటికి నాలుగొందల అలర్టులతో ఫోను మోగే ఆన్‌కాల్ వాళ్ళకి దీని విలువ విడిగా చెప్పక్కర్లేదు.

10,000 అడుగుల కింద కాక్‌పిట్‌లో పనికిరాని మాటలు మాట్లాడకూడదని అమెరికాలో 1981 నుంచి నియమం ఉంది. ఇక ప్రతి టేకాఫ్‌కీ ముందు "ఫలానావి జరిగితే ఆపుతాం, ఫలానావి జరిగితే పోతాం" అని పైకి చెప్పుకుంటారు. వెయ్యోసారి ఎగురుతున్నవాళ్ళు కూడా చెప్పుకుంటారు. నిర్ణయం ప్రమాదం వచ్చినప్పుడు తీసుకునేది కాదు. గేటు దగ్గర కాఫీ తాగుతూ ప్రశాంతంగా ఉన్నప్పుడే తీసేసుకున్నది. రన్‌వే మీద చేసేది దాన్ని అమలు చెయ్యడం మాత్రమే.

ఇదంతా సరిగ్గా జరిగితే ఎలా ఉంటుందో 2020 ఫిబ్రవరి 3న మాడ్రిడ్‌లో చూశాం. టొరంటోకి బయల్దేరిన ఎయిర్ కెనడా 767కి టేకాఫ్‌లో టైరు పేలి, ముక్కలు ఎడమ ఇంజన్లోకి పోయాయి. ఎగిరిపోయారు. సుమారు నాలుగు గంటలు ఊరి చుట్టుపక్కల తిరుగుతూ ఇంధనం ఖర్చు చేశారు. స్పెయిన్ వాయుసేన ఎఫ్-18 పక్కకొచ్చి చక్రాలెలా ఉన్నాయో చూసి చెప్పింది. తర్వాత మామూలుగా దిగారు. 128 మంది ప్రయాణికులూ క్షేమం. టీవీ వాళ్ళు నాలుగు గంటలు హడావిడి చేశారు గానీ, లోపల ఉన్నవాళ్ళు చేసింది ముందే రాసిపెట్టుకున్న పని.

సరే, ఇప్పుడు మన సంగతి.

మన రిలీజులకి వీ1 ఉందా? నేను పనిచేసిన ప్రాజెక్టుల్లో చాలావాటికి లేదు. "ఏదైనా అయితే రోల్‌బ్యాక్ చేసేద్దాం" అన్న ఒక్క వాక్యం ఉంటుంది డాక్యుమెంటులో. డేటాబేసు మైగ్రేషన్ సగం అయ్యాక, కొత్త సిస్టమ్‌లో కస్టమర్ల లావాదేవీలు పడటం మొదలయ్యాక, ఆ రోల్‌బ్యాక్ అసలు కుదురుతుందా? ఎవరూ చూసి ఉండరు. వెనక్కి తిరగడం ఎప్పుడూ సురక్షితమే అన్నది మన మూఢనమ్మకం. "టైరు పేలితే బ్రేకెయ్యాలి" అనడం లాంటిదే.

2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా ట్రేడింగ్ కంపెనీ కథ వినే ఉంటారు. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ వెళ్ళింది. ఎనిమిదోదాంట్లో ఎప్పుడో వదిలేసిన పాత కోడ్ నిద్రలేచి ఇష్టమొచ్చినట్టు ఆర్డర్లు పెట్టింది. కంగారులో వాళ్ళు చేసిందేమిటి? బాగా పనిచేస్తున్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో వాటిలోనూ పాత కోడ్ మొదలైంది. ముప్పావుగంటలో 46 కోట్ల డాలర్ల పైన నష్టం. ఇది వీ1 దాటాక వేసిన బ్రేకు కాక మరేమిటి? మార్కెట్ తెరవకముందే ఆ తప్పు గురించి 97 ఈమెయిళ్ళు ఆ కంపెనీ సిబ్బందికి వెళ్ళాయి. ఎవరూ పట్టించుకోలేదు. 80 నాట్ల లోపే చప్పుడొచ్చిందన్నమాట, జెడ్డాలోలాగే.

"మనది విమానం కాదు కదా, మనుషులేం పోతారు?" అంటారు కొందరు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ మెషీన్లు కూలబడ్డాయి. విమానాలు ఆగాయి, ఆసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. మన శంషాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. మన కోడ్ ఎక్కడిదాకా పాకిందో మనకే సరిగ్గా తెలీదు.

నా ఉద్దేశంలో మనం చెయ్యాల్సినవి పెద్ద కష్టమైనవేం కావు. ప్రతి రిలీజుకీ ముందే ఒక గీత గియ్యండి - ఈ స్టెప్పు దాకా ఏ అనుమానమొచ్చినా వెనక్కి, ఇది దాటాక ముందుకే, సరిచేసుకుంటూ. గీత దాటాక వెనక్కి తిప్పాలంటే ఏ రెండు మూడు కారణాలకో ముందే రాసుకోండి. ఆ గీత దగ్గర నిర్ణయం ఎవరిదో పేరు పెట్టి రాయండి. కాల్‌లో ఉన్న నలభైమందిది కాదు, ఒక్కరిది. పైలట్లకి నేర్పే వరస - ముందు విమానం నడుపు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాతే మాట్లాడు. మన కాల్స్‌లో వరస తలకిందులు. ముందు "ఈటీయే ఎంత?" అని అడుగుతారు, తర్వాత ఎవరి తప్పో తేలుస్తారు, సిస్టమ్ సంగతి చివర్లో గుర్తొస్తుంది :-)

అన్నిటికన్నా ముఖ్యమైనది టైర్లలో గాలి. ఈ మాట మేనేజర్లకి చెప్తున్నాను. టెస్టింగ్ వారం కోసేసి, బ్యాకప్ తిరిగొస్తుందో లేదో చూసే పని వాయిదా వేసి, "ఈసారికి కానిచ్చేద్దాం" అని సంతకం పెట్టినప్పుడు మీరు చేసింది జెడ్డాలో ఆ పెద్దమనిషి చేసిందే. మీ చేతిలో ఉన్నది ప్రాణాలు కాకపోవచ్చు. కానీ రాత్రి మూడింటికి ఆ గీత దగ్గర నిలబడేది మీరు కాదు, రెండేళ్ళ అనుభవమున్న కుర్రాడో అమ్మాయో. పొద్దున్న మీటింగులో "నువ్వెందుకు బ్రేకేశావ్?" అనో, "ఎందుకెయ్యలేదు?" అనో నిలదీసేది వాళ్ళనే. ఎన్.టి.ఎస్.బి. రిపోర్టులో కెప్టెన్ కన్నా ముందు టైర్ల గాలిని రాశారు. మన పోస్ట్‌మార్టెమ్ మీటింగుల్లో ఎప్పుడైనా ఆ వరసలో రాసుకున్నామా?

గాలి చూడటానికి పట్టేది కొన్ని నిమిషాలు. గేజి పెట్టి చూడాలి, అంతే. కళ్ళతో చూస్తే అన్ని టైర్లూ బాగానే ఉంటాయి.